ఆకాశంలో సాంకేతిక లోపం: పైలట్లు, కంట్రోలర్లు ఏం చేస్తారు

ఎగురుతున్న విమానంలో ఏదైనా పరికరం పనిచేయడం మానేసినప్పుడు, లేదా పనిచేస్తోందో లేదో తెలియనప్పుడు, పైలట్లు, నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు పాటించే పద్ధతుల గురించిన వ్యాసం ఇది. ఇంజిన్ ఆగిపోవడం, చక్రాలు దిగకపోవడం, హైడ్రాలిక్ ద్రవం కారిపోవడం, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోవడం, పొగ రావడం, రేడియో మూగబోవడం, రెండు మీటర్లు రెండు రకాల అంకెలు చూపడం, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ‘సాంకేతిక లోపంతో విమానం అత్యవసర ల్యాండింగ్’ అన్న ఒకే శీర్షిక కింద పత్రికలు వీటన్నిటినీ వేస్తుంటాయి గానీ, వీటిలో కొన్నింటికి గంటల వ్యవధి ఉంటుంది, కొన్నింటికి నిమిషం కూడా ఉండదు. వచ్చింది ఏ రకమో తేల్చుకోవడం మొదటి పని.

కంట్రోలర్లు నేల మీద కూర్చుని ఆగిన ఇంజిన్‌ను తిప్పలేరు, ఇరుక్కున్న చక్రాన్ని దించలేరు. దారిలో ఉన్న మిగతా విమానాలను పక్కకు తప్పించగలరు. రన్‌వే ఖాళీ చేయించగలరు. వాతావరణం చెప్పగలరు, అగ్నిమాపక బండ్లను పిలవగలరు. అవసరమైనప్పుడు ఏమీ మాట్లాడకుండా ఉండగలరు. రాసినంత సులువు కాదు ఇది. పైలట్ల వైపు నుంచి చూస్తే, తమ కష్టం కిందివాళ్లకు అర్థమైపోయిందని అనుకోవడం కొన్ని ఘోర ప్రమాదాలకు దారితీసింది. ఈ రంగం చరిత్ర తిరగేస్తే పాడైన యంత్రం పక్కనే సగం చెప్పి వదిలేసిన మాట, గడియారం మరిచిన మనిషి పదే పదే కనిపిస్తారు.

కాక్‌పిట్‌లో మొదటి నిమిషాలు

పైలట్ శిక్షణలో మొదటి నుంచీ నూరిపోసే వరస ఒకటుంది. ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. అందుకే లోపం తలెత్తిన క్షణంలో కంట్రోలర్ పిలిస్తే ‘స్టాండ్‌బై’ అన్న ఒక్క మాటే జవాబుగా రావచ్చు, అసలు జవాబే రాకపోవచ్చు. అందులో అమర్యాద ఏమీ లేదు. ఇద్దరు పైలట్లలో ఒకరు విమానం నడపడానికే కట్టుబడి ఉంటారు. రెండోవారు మీటర్లు చూస్తూ, చెక్‌లిస్టు చదువుతూ, రేడియోలో మాట్లాడుతూ ఉంటారు. మొదటివారిని ‘పైలట్ ఫ్లయింగ్’ అని, రెండోవారిని ‘పైలట్ మానిటరింగ్’ అని అంటారు. పదవిలో పెద్ద ఎవరన్నదానితో ఈ విభజనకు సంబంధం లేదు. లోపం జటిలమైతే కెప్టెన్ కంట్రోల్స్‌ను కో-పైలట్‌కు అప్పగించి తాను ఆలోచనకు కూర్చోవడం మామూలే.

కొన్ని పనులకు పుస్తకం తెరిచే వ్యవధి ఉండదు, అవి కంఠతా వచ్చి తీరాలి. 35,000 అడుగుల ఎత్తున క్యాబిన్ ఒత్తిడి ఒక్కసారిగా పోతే మనిషి తెలివిగా పనిచేయగలిగేది అర నిమిషం నుంచి నిమిషం దాకానే. కాబట్టి పైలట్లు ముందు తమ ఆక్సిజన్ మాస్కులు తగిలించుకుని, ఆ తర్వాతే విమానాన్ని 10,000 అడుగుల వైపు దించుతారు. ప్రయాణికుల తలల మీద జారిపడే మాస్కులకు సాధారణంగా 12 నుంచి 15 నిమిషాలు ఆక్సిజన్ అందుతుంది. ఆ లోపు గాలి చిక్కగా ఉండే ఎత్తుకు చేరాలన్నదే లెక్క. విమానం విసురుగా కిందికి వంగినప్పుడు కూలిపోతున్నామని లోపల కూర్చున్నవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి పైలట్లు అప్పుడు తాము నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేస్తుంటారు.

ఇదే లోపం చప్పుడు లేకుండా వస్తే ఎంత ప్రమాదమో 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ బయల్దేరిన హీలియోస్ సంస్థ బోయింగ్ 737 చూపించింది. క్యాబిన్ ఒత్తిడిని చూసుకునే స్విచ్ మరమ్మతుల తర్వాత మాన్యువల్ స్థానంలోనే ఉండిపోయింది. ఎత్తుకు పోతుండగా హెచ్చరిక హారన్ మోగింది. టేకాఫ్‌కు విమానం సరిగా సిద్ధం కాలేదని చెప్పే హారన్ కూడా ఆ విమానంలో అదే శబ్దం చేస్తుంది. గాల్లో ఉన్నాక ఆ రెండో అర్థం కుదరదు. అయినా సిబ్బంది దాన్ని అలాగే తీసుకుని, కంపెనీ ఇంజినీర్‌తో రేడియోలో మాట్లాడుతూ మాట్లాడుతూనే స్పృహ తప్పారు. విమానం ఆటోపైలట్ మీద తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. 121 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

టేకాఫ్ సంగతి వేరు. ప్రతి టేకాఫ్‌కూ వీ1 అని ఒక వేగం ముందే లెక్కగట్టి ఉంటుంది. ఆ వేగం దాటేదాకా లోపం కనబడితే ఆగవచ్చు, దాటాక ఆగితే రన్‌వే చాలదు. కాబట్టి ఇంజిన్ పోయినా గాల్లోకి లేవాల్సిందే. రెండు ఇంజిన్ల ప్రయాణికుల విమానం ఒక్క ఇంజిన్‌తోనే పైకి లేవగలదని రుజువైతేనే దానికి అనుమతి వస్తుంది. ఇంజిన్‌లో మంట అని ఎర్ర దీపం వెలిగినా కనీసం 400 అడుగులు లేచేదాకా పైలట్లు దాని జోలికి పోకపోవడం చాలా సంస్థల్లో నియమం. నేలకు అంత దగ్గర్లో చెయ్యి తొందరపడితే మంచి ఇంజినే ఆగిపోవచ్చు.

తొందరలో మంచి ఇంజిన్‌ను ఆపేయడం నిజంగానే జరిగింది కూడా. 1989 జనవరి 8న లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌లాండ్ బోయింగ్ 737-400లో ఎడమ ఇంజిన్ ఫ్యాన్ రెక్క విరిగింది. పైలట్లు కుడి ఇంజిన్ ఆపేశారు. దాని పవర్ తగ్గించగానే కాకతాళీయంగా కుదుపు తగ్గడంతో తమ ఊహ సరైనదేననుకున్నారు. మధ్యలో కెప్టెన్ ఒకసారి జరిగిందంతా మొదటి నుంచి చూసుకుందామని మొదలుపెట్టాడు. అదే సమయానికి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) నుంచి కొత్త దిశ, ఎత్తుల సూచనలు వచ్చాయి. ఆ సమీక్ష అక్కడే తెగిపోయింది, మళ్లీ మొదలుకాలేదు. కెగ్‌వర్త్ ఊరి పక్కన రహదారి కట్ట మీద విమానం కూలింది. అందులోని 126 మందిలో 47 మంది పోయారు. కంట్రోలర్ చేసింది తన మామూలు పనే. ఆ సమయంలో మామూలు మాట కూడా అడ్డమవుతుందన్న ఎరుక ఆ తర్వాతి శిక్షణల్లో గట్టిపడింది.

చెక్‌లిస్టు పుట్టుక కూడా ఒక ప్రమాదంతోనే ముడిపడి ఉంది. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త బాంబర్ ప్రదర్శనకు లేచి వెంటనే కూలింది. నేల మీద గాలికి కదలకుండా రెక్కల, తోక పలకలను బిగించి ఉంచే తాళాన్ని తియ్యడం మరిచారు. నడిపినవాళ్లు ఆరితేరినవాళ్లే. ఒక్క మనిషి జ్ఞాపకానికి మించిన యంత్రం ఇదని గ్రహించిన సైన్యం పైలట్లు పనుల జాబితాను కాగితం మీద పెట్టారు. ఆ విమానమే తర్వాత బీ-17గా ప్రసిద్ధికెక్కింది. ఇప్పుడు ఎయిర్‌బస్ విమానాల్లో ఈక్యామ్ తెర లోపాన్ని తానే గుర్తించి చేయాల్సిన పనులను వరసగా చూపిస్తుంది. బోయింగ్‌లో ఐకాస్ అనే వ్యవస్థ హెచ్చరిస్తే, క్విక్ రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ తీసి చదువుతారు. కొత్త బోయింగుల్లో చెక్‌లిస్టు కూడా తెర మీదికే వచ్చేసింది.

చెక్‌లిస్టుకూ హద్దులున్నాయి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో లగార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ ఏ320ను దాదాపు 2,800 అడుగుల ఎత్తున కెనడా బాతుల గుంపు ఢీకొంది. రెండు ఇంజిన్లూ పోయాయి. కో-పైలట్ జెఫ్రీ స్కైల్స్ తీసిన చెక్‌లిస్టు 20,000 అడుగుల పైన అలా జరిగితే ఏం చేయాలో ఊహించి రాసింది, మూడు భాగాలు. వాళ్లకున్నది మూడున్నర నిమిషాలు, మొదటి భాగాన్ని దాటలేకపోయారు. కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ మాత్రం జాబితాలో ఆ పని వంతు వచ్చేదాకా ఆగకుండా, తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్‌ను ముందే ఆన్ చేశాడు. దాంతో కంట్రోల్స్‌కు కరెంటు నిలిచింది. 155 మందీ హడ్సన్ నది మీది నుంచి బతికి బయటపడ్డారు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలిచేది 2010 నవంబర్ 4 నాటి క్వాంటాస్ 32. సింగపూర్ నుంచి సిడ్నీకి లేచిన ఏ380లో ఒక ఇంజిన్ పేలి, ముక్కలు రెక్కను చీల్చుకుపోయాయి. వైర్లు తెగాయి, ఇంధనం కారింది, తెర మీద హెచ్చరికలు ఒకదాని వెనక ఒకటి వరదలా వచ్చాయి. లోపల 469 మంది. ఆ రోజు కాక్‌పిట్‌లో పరీక్షకుల్ని కలుపుకుని ఐదుగురు పైలట్లు ఉండడం అదృష్టం. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిని విమానాన్ని వెంటనే రన్‌వే వైపు తిప్పకుండా సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం దగ్గర్లో చక్కర్లు కొట్టించాడు. మొదటి విడత చెక్‌లిస్టులు ముగియడానికే దాదాపు 50 నిమిషాలు పట్టింది. ఏది పోయిందో లెక్కించడం మానేసి, ఏది మిగిలిందో లెక్కించడం మొదలుపెట్టాకే తనకు దారి దొరికిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. విమానం ఎగురుతోంది, ఇంధనం ఉంది, మంట లేదు. అలాంటప్పుడు సమయం తీసుకోవడమే నైపుణ్యం. రన్‌వే చివర 150 మీటర్లు మిగిలి ఉండగా విమానం ఆగింది.

సమయం తీసుకోవడం వేరు, సమయం మరిచిపోవడం వేరు. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 అనే డీసీ-8, చక్రాల మీద అనుమానంతో సుమారు గంటసేపు తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి ఊళ్లో కూలింది. పదిమంది మరణించారు. ఇంధనం తగ్గుతోందని మిగతా సిబ్బందికి తెలుసు. కెప్టెన్‌కు చెప్పాల్సినంత గట్టిగా చెప్పలేకపోయారు. మరుసటి ఏడాది నాసా పెట్టిన సమావేశం నుంచి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ రూపుదిద్దుకుంది. చిన్నవాడు పెద్దవాడి తప్పును ఎలా ఎత్తిచూపాలి, పెద్దవాడు దాన్ని ఎలా వినాలి అన్నది ఆ శిక్షణలో కీలకాంశం. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని ఇంట్లోనూ బళ్లోనూ నేర్చుకుని వచ్చే మన దేశపు కో-పైలట్లకు ఇంజిన్ మంట కన్నా ఇదే కష్టమైన పాఠమని నా అభిప్రాయం.

మేడే, పాన్‌పాన్

రేడియోలో కష్టాన్ని చెప్పడానికి రెండు స్థాయిలున్నాయి. ప్రాణాపాయం ఎదురుగా ఉంటే ‘మేడే’ అని మూడుసార్లు అంటారు. అత్యవసరమే గానీ తక్షణ ప్రాణాపాయం లేదనుకుంటే ‘పాన్‌పాన్’ అని మూడుసార్లు. ఆ తర్వాత విమానం పిలుపు పేరు, వచ్చిన ఇబ్బంది, తాము చేయబోయేది, ఉన్న చోటు, ఎత్తు, దిశ, వీలైతే లోపల ఎంతమంది, ఎంతసేపటికి సరిపడా ఇంధనం అన్నవి చెబుతారు. ఇంధనాన్ని కిలోల్లో కాకుండా గంటలు, నిమిషాల్లో చెప్పడం ఆనవాయితీ. అగ్నిమాపక సిబ్బందికి మాత్రం కిలోల లెక్కా కావాలి, సరుకులో ప్రమాదకర పదార్థాలేమైనా ఉన్నాయా అన్నదీ కావాలి. ఇవన్నీ ఒకే ఊపిరిలో అక్కర్లేదు. మేడే అన్న మాట చెవిన పడితే చాలు, మిగతావి తీరిక దొరికినప్పుడు.

దీంతోపాటు ట్రాన్స్‌పాండర్ అనే పరికరంలో 7700 అంకె వేస్తారు. రాడార్ తెర మీద ఆ విమానం గుర్తు వెంటనే వేరుగా మెరుస్తుంది. రేడియో పోతే 7600, హైజాక్ అయితే 7500. అప్పటిదాకా మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే మేడే చెప్పడం మంచిది. ఎవరూ పలకకపోతే 121.5 మెగాహెర్ట్జ్ ఉంది, ప్రపంచమంతా దాన్ని అత్యవసరానికే కేటాయించారు.

ఈ రెండు మాటలూ పలకకుండా పోవడం వల్ల జరిగిన నష్టానికి 1990 జనవరి 25 నాటి ఏవియాంకా 52 ప్రమాదం పెద్ద ఉదాహరణ. కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఈ బోయింగ్ 707ను వాతావరణం, రద్దీల వల్ల కంట్రోలర్లు విడతలు విడతలుగా గంటకు పైగా గాల్లో ఆపారు. సిబ్బంది ‘ప్రయారిటీ’ అడిగారు, ఇంధనం అయిపోతోందనీ అన్నారు. ఎమర్జెన్సీ అని మాత్రం అనలేదు. ఆ సాయంత్రం న్యూయార్క్ మీద చక్కర్లు కొడుతున్న ప్రతి విమానానికీ ఇంధనం తగ్గుతూనే ఉంది. కంట్రోలర్ల చెవికి అది మామూలు ఫిర్యాదులాగే వినబడింది. మొదటి ల్యాండింగ్ కుదరక మళ్లీ చుట్టి వస్తుండగా నాలుగు ఇంజిన్లూ ఆరిపోయి, లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ కొండ మీద విమానం పడింది. 158 మందిలో 73 మంది మరణించారు. 2012లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం ఇప్పుడు ఈ విషయంలో రెండే మెట్లు. ఇంకేమాత్రం ఆలస్యమైనా కుదరదని ముందుగా హెచ్చరించే ‘మినిమమ్ ఫ్యూయల్’ ఎమర్జెన్సీ కాదు. జెట్ విమానంలో చివరి 30 నిమిషాల నిల్వను కూడా తాకాల్సి వస్తుందని తేలితే ‘మేడే ఫ్యూయల్’ అనాల్సిందే.

అయినా పైలట్లు ఇప్పటికీ ఈ మాట అనడానికి వెనకాడుతుంటారు. కింద పది ప్రశ్నలు, విచారణ, కంపెనీ మొహం చిట్లింపు గుర్తుకొస్తాయి. నిజానికి మేడే అని ఆ తర్వాత ‘అంతా సర్దుకుంది, రద్దు చేస్తున్నాం’ అనడంలో నియమోల్లంఘనేమీ లేదు.

కంట్రోల్ గదిలో

మేడే వినగానే కంట్రోలర్ల పని ఒక క్రమంలో సాగుతుంది. విన్నామని చెప్పాలి, విమానం చుట్టూ చోటు ఖాళీ చేయాలి, ఆ ఫ్రీక్వెన్సీలో మిగతావాళ్లను మౌనంగా ఉంచాలి, పై అధికారికీ విమానాశ్రయానికీ కబురు చేయాలి, పైలట్లు అడిగింది ఇవ్వాలి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఐరోపా కంట్రోలర్ల శిక్షణలో దీన్ని ‘అసిస్ట్’ అన్న గుర్తుమాటగా నేర్పుతారు. సాధారణంగా పక్కన ఇంకో కంట్రోలర్ వచ్చి కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. వీలైతే ఆ ఒక్క విమానాన్ని అదే ఫ్రీక్వెన్సీలో ఉంచి మిగతావాటిని వేరే ఫ్రీక్వెన్సీకి పంపేస్తారు. మామూలు రోజుల్లో విమానం ఒక కంట్రోలర్ పరిధి నుంచి ఇంకొకరి పరిధికి మారుతూ పోతుంది. ఎమర్జెన్సీలో ఆ మార్పులను తగ్గిస్తారు. కొత్త గొంతుకు కథంతా మొదటి నుంచి చెప్పే భారం పైలట్‌కు ఉండదు.

హడ్సన్ ఘటనలో కంట్రోలర్ పాట్రిక్ హార్టెన్ ఈ పనిని ఎలా చేశాడో రికార్డింగుల్లో ఉంది. లగార్డియాలో ఒక రన్‌వే, కాదంటే ఇంకొకటి, కాదంటే న్యూజెర్సీలోని టెటర్‌బరో అంటూ ఒకదాని తర్వాత ఒకటి ముందు పెట్టాడు. పక్క విమానాశ్రయాలకు అప్పటికే ఫోన్లు వెళ్లాయి. దేనికీ ‘ఎందుకు కుదరదు’ అని అడగలేదు. కుదరదన్న జవాబు వచ్చిన వెంటనే తర్వాతి దారి. నదిలో దిగుతున్నామన్న మాటను మాత్రం మళ్లీ చెప్పమన్నాడు. అలాంటి మాట అంతకుముందు ఎన్నడూ విని ఉండడు కాబట్టి తప్పు పట్టలేం.

1989 జూలై 19న అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో జరిగింది ఇంకా కఠినం. యునైటెడ్ 232 అనే డీసీ-10 తోక ఇంజిన్ పగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెంచేసింది. విమానాన్ని తిప్పే పలకలేవీ కదలవు. కెప్టెన్ అల్ హేన్స్, ఆయన సిబ్బంది, ప్రయాణికుల్లోంచి సాయానికి వచ్చిన శిక్షణ పైలట్ డెన్నీ ఫిచ్ కలిసి, మిగిలిన రెండు ఇంజిన్ల పవర్‌ను ఎక్కువ తక్కువ చేస్తూ 44 నిమిషాలు దాన్ని గాల్లో నిలబెట్టారు. కంట్రోలర్ కెవిన్ బాక్‌మన్ తొణక్కుండా దిశలు చెబుతూ ఊరి మీదుగా రాకుండా చూశాడు. ఏ రన్‌వే మీదైనా దిగవచ్చని ఆయనంటే, ఏదో ఒక రన్‌వే కావాలని పట్టుబడుతున్నారా అని హేన్స్ చమత్కరించాడు. అంత ఒత్తిడిలో ఆ నవ్వు పుట్టడం ఇద్దరి మధ్య కుదిరిన నమ్మకానికి గుర్తు. దిగేటప్పుడు విమానం విరిగి మంటల్లో చిక్కింది, 112 మంది మరణించారు. 184 మంది బతికారు. ముందే కబురందడంతో అంబులెన్సులు, ఆ రోజు అక్కడే డ్యూటీలో ఉన్న నేషనల్ గార్డ్ దళం రన్‌వే పక్కన సిద్ధంగా ఉన్నాయి.

కంట్రోలర్ ఎంత అడగాలి అన్నది తెగని ప్రశ్న. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ 401 సిబ్బంది ముందు చక్రం దిగిందని చూపే చిన్న దీపం వెలగలేదని విమానాన్ని 2,000 అడుగుల మీద ఆటోపైలట్‌కు అప్పగించి, అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఎవరిదో చెయ్యో ఒళ్లో తగిలి ఎత్తు పట్టి ఉంచే అమరిక విడిపోయింది, ఎవరూ చూడలేదు. రాడార్ తెర మీద ఎత్తు 900 అని కనబడినప్పుడు కంట్రోలర్ అక్కడ పనులెలా సాగుతున్నాయని అడిగాడు. బాగానే ఉంది, తిరిగొస్తామన్నారు. తెర మీది ఎత్తు అప్పుడప్పుడు తప్పు చూపడం అప్పట్లో మామూలే. అర నిమిషంలోపే విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో పడి 101 మంది ప్రాణాలు పోయాయి. చక్రాలు సక్రమంగానే దిగి ఉన్నాయి. నేల ఎత్తుకు దగ్గరవుతున్న విమానాన్ని గుర్తించి కంట్రోలర్‌ను హెచ్చరించే రాడార్ సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడైతే ‘ఎలా ఉంది’ అని అడగరు, ‘మీ ఎత్తు చూసుకోండి’ అంటారు.

పొగ వచ్చినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్ఎయిర్ 111 సిబ్బంది పొగ వాసనతో ముందు పాన్‌పాన్ అన్నారు. హాలిఫాక్స్‌కు మళ్లారు, బరువు తగ్గించుకోవడానికి ఇంధనం వదిలేందుకు సముద్రం వైపు తిరిగారు. పైకప్పు వెనక రాజుకున్న మంట వాళ్ల లెక్కల కన్నా వేగంగా వ్యాపించింది. 229 మంది పోయారు. ముందే తిన్నగా దిగబోయినా ఆ వ్యవధిలో రన్‌వేను చేరలేకపోయేవారని కెనడా దర్యాప్తు తేల్చింది. అయినా పొగ మూలం తెలియకపోతే చెక్‌లిస్టు కన్నా ముందు రన్‌వే వైపు మళ్లాలన్న నియమం ఆ తర్వాత స్థిరపడింది.

ఇంధనం వదలడం గురించి ఒక మాట. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానాలే ఆ పని చేయగలవు. ఏ320, 737 లాంటివి చక్కర్లు కొట్టి ఖర్చు చేసుకోవాలి, లేదా బరువుతోనే దిగి ఆ తర్వాత తనిఖీ చేయించుకోవాలి. వదిలేటప్పుడు కనీసం 6,000 అడుగుల ఎత్తున ఉండాలని, మిగతా విమానాలను 10 నాటికల్ మైళ్ల దూరంలో ఉంచాలని నియమం. ఆ ఎత్తు నుంచైతే ఇంధనం నేల చేరేలోపు ఆవిరైపోతుంది. 2020 జనవరి 14న లాస్ ఏంజిలిస్ నుంచి లేచిన డెల్టా 777లో ఇంజిన్ ఇబ్బంది వచ్చింది. ఇంధనం వదలాలా అని కంట్రోలర్ అడిగితే సిబ్బంది అక్కర్లేదన్నారు. తర్వాత చెప్పకుండానే తక్కువ ఎత్తున వదిలారు. అది బడి మైదానాల్లో ఆడుకుంటున్న పిల్లల మీద పడింది. విమానం క్షేమంగా దిగింది, పదుల సంఖ్యలో పిల్లలకూ పెద్దలకూ కళ్లు, చర్మం మంటలకు చికిత్స చేయాల్సి వచ్చింది.

రేడియో మూగబోతే

మాటే లేని చోట ముందుగా రాసిపెట్టుకున్న నియమాలే మాట. 7600 వేసిన విమానం, బయట స్పష్టంగా కనిపిస్తుంటే దగ్గరి అనువైన విమానాశ్రయంలో దిగుతుంది. మేఘాల్లో ఉంటే ముందే ఇచ్చిన ప్రయాణ ప్రణాళిక ప్రకారం పోతుంది. అది ఎటు పోతుందో తెలుసు కాబట్టి కంట్రోలర్లు దారి ఖాళీ చేస్తారు. టవర్‌లో దీపపు తుపాకీ ఒకటి ఉంటుంది. నిలకడైన పచ్చ వెలుగుకు దిగవచ్చని అర్థం, నిలకడైన ఎరుపుకు దారిచ్చి చక్కర్లు కొట్టమని, మిణుకు ఎరుపుకు దిగొద్దని. అర్థమైందని చెప్పడానికి పగలైతే పైలట్ రెక్కలు ఊపుతాడు.

చక్రాల తగవు

టీవీ కెమెరాలు ఎక్కువగా పరుగెత్తేది చక్రాల లోపాలకే. ప్రాణనష్టం తక్కువగా ఉండేవి కూడా చాలావరకు ఇవే. 2005 సెప్టెంబర్ 21న జెట్‌బ్లూ ఏ320 ముందు చక్రం అడ్డంగా తిరిగి ఉందని తెలిసి, పైలట్లు కింది నుంచి చూసి చెప్పమని టవర్ పక్కగా తక్కువ ఎత్తున ఎగిరారు. తర్వాత రెండు గంటలకు పైగా ఇంధనం కాల్చి లాస్ ఏంజిలిస్‌లో దిగారు. ప్రయాణికులు తమ సీట్ల ముందున్న తెరల మీద తమ విమానం గురించిన వార్తలే చూస్తూ కూర్చున్నారు. మన దగ్గర 2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 హైడ్రాలిక్ లోపంతో రెండు గంటలకు పైగా తిరిగి, 141 మంది ప్రయాణికులతో తిరుచిరాపల్లిలోనే మామూలుగా దిగింది. కింద ఫుల్ ఎమర్జెన్సీ ప్రకటించారు. ఆ మాటకు ప్రమాదం జరిగిందని అర్థం లేదు, అగ్నిమాపక, వైద్య దళాలన్నీ తమ స్థానాల్లో నిలబడ్డాయని అర్థం. దానికి కింది మెట్టు ‘లోకల్ స్టాండ్‌బై’.

భారతదేశంలో

మన గగనతలాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై సమాచార ప్రాంతాలుగా విభజించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఆకాశంలో ఎక్కువ భాగం చెన్నై కిందికి వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయాన్ని 2008 నుంచి ప్రైవేటు సంస్థ నడుపుతున్నా, టవర్‌లో కూర్చునేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కంట్రోలర్లే. విశాఖపట్నంలో పౌర విమానాలు దిగుతూ వచ్చిన విమానాశ్రయం నావికాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగ, అక్కడ ఏటీసీ బాధ్యత నావికాదళానిది. హైదరాబాద్‌కు ఈ వృత్తితో పాత బంధమే ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సిమ్యులేటర్లలో ఇంజిన్ మంటలు, ఒత్తిడి నష్టాలు సాధన చేసిన కేంద్ర శిక్షణ సంస్థ ఈ నగరంలోదే. కంట్రోలర్లకు ప్రయాగ్‌రాజ్‌తో పాటు ఇక్కడా శిక్షణ కేంద్రం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోని కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద కట్టిన అత్యవసర రన్‌వేను ఈ సందర్భంలో కొందరు తలుస్తుంటారు. 2022 డిసెంబర్‌లో అక్కడ పరీక్షలు జరిపింది వైమానిక దళం, అది దాని అవసరాలకే. లోపం వచ్చిన ప్రయాణికుల జెట్‌కు రన్‌వే పొడవొక్కటే చాలదు. దారి చూపే పరికరాలు, అగ్నిమాపక బండ్లు, దగ్గర్లో ఆసుపత్రి కూడా కావాలి.

మన పైలట్లు విదేశీ కంట్రోలర్లతో కలిసి గట్టెక్కిన సందర్భాల్లో చెప్పుకోదగింది 2018 సెప్టెంబర్ 11 నాటి ఎయిర్ ఇండియా 101. ఢిల్లీ నుంచి న్యూయార్క్ చేరిన బోయింగ్ 777లో, మేఘాలు కిందికి దిగి ఉన్న రోజున, రన్‌వేకు దారి చూపే ఐఎల్‌ఎస్ రిసీవర్లు, ఇంకొన్ని పరికరాలు పనిచేయలేదు. ఇంధనం తరిగిపోతోంది. కెప్టెన్ రుస్తుం పాలియా ఏది పోయింది, ఏది ఉంది అన్నది కంట్రోలర్‌కు పేరుపేరునా చెప్పాడు. కంట్రోలర్లు చుట్టుపక్కల విమానాశ్రయాల్లో మేఘాల ఎత్తు ఎంతెంతో వెతికి చెప్పారు. చివరికి విమానం న్యూఅర్క్‌లో దిగింది. ఏవియాంకా సిబ్బంది న్యూయార్క్ మీద చెప్పలేకపోయిన మాటలను ఈ సంభాషణలో పూర్తిగా వినవచ్చు.

మాటకు చోటే దొరకని సందర్భం 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో. ఎయిర్ ఇండియా 171 నేల విడిచిన 26 సెకన్లకు మేడే పిలుపు వినిపించింది. కంట్రోలర్ పిలుపు పేరు అడిగారు, జవాబు రాలేదు. మరి ఆరు సెకన్లకు విమానంలోని రికార్డింగు ఆగింది. లోపలున్న 242 మందిలో ఒక్కరే బతికారు. లేచిన వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ సెకను తేడాతో కట్ఆఫ్ స్థానానికి మారినట్టు ప్రాథమిక నివేదిక నమోదు చేసింది.

దిగిన తర్వాత

చక్రాలు నేలను తాకినంత మాత్రాన ఎమర్జెన్సీ ముగియదు. క్వాంటాస్ ఏ380 ఆగాక ఒక ఇంజిన్ ఎంతకీ ఆగలేదు, దాన్ని నిలపడానికి అగ్నిమాపక సిబ్బందికి దాదాపు మూడు గంటలు పట్టింది. ఎడమ బ్రేకులు ఎర్రగా కాలుతున్నాయి, పక్కనే ఇంధనం కారుతోంది. అయినా కెప్టెన్ గాలి జారుడుబల్లలు విప్పలేదు. అంత ఎత్తు నుంచి జారితే కాళ్లు విరిగేవాళ్లుంటారు, జారి చేరేది ఇంధనపు మడుగులోకి. ప్రయాణికులను కుడివైపు మెట్ల మీదుగా దించారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

లోపాన్ని కెప్టెన్ టెక్నికల్ లాగ్‌లో రాస్తాడు. ఇంజినీర్ బాగుచేసి సంతకం పెట్టాలి, లేదా ‘మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్’ అనుమతిస్తే కొన్నాళ్లకు వాయిదా వేయాలి. సాధారణంగా ‘బి’ వర్గం లోపానికి 3 రోజులు, ‘సి’ వర్గానికి 10, ‘డి’ వర్గానికి 120 రోజుల గడువు. మనం ఎక్కిన విమానంలో ఏదో ఒక చిన్న పరికరం వాయిదాలో ఉండడం అరుదేమీ కాదు.

కాక్‌పిట్‌లో ఎవరేమన్నారో తెలియాలంటే వాయిస్ రికార్డర్ విద్యుత్తును వెంటనే ఆపేయాలి. చాలా విమానాల్లో అది చివరి రెండు గంటలే దాచి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 737-9లో సుమారు 16,000 అడుగుల ఎత్తున తలుపు స్థానంలో బిగించిన పలక ఊడి ఎగిరిపోయింది. ఆ విసురుకు కాక్‌పిట్ తలుపు తెరుచుకుంది. హోరులో పైలట్లు ఒకరి మాట ఒకరికి వినబడని స్థితిలో విమానాన్ని వెనక్కి తెచ్చి 177 మందినీ దించారు. రికార్డర్‌ను సమయానికి ఎవరూ ఆపలేదు. దర్యాప్తు సంస్థ చేతికి వచ్చేసరికి ఆ మాటలు చెరిగిపోయాయి, ఏటీసీ ఫ్రీక్వెన్సీలో పలికినవే మిగిలాయి. కొత్తగా తయారయ్యే విమానాల్లో 25 గంటల రికార్డర్ ఉండాలని ఐరోపా అప్పటికే నియమం పెట్టింది. అదే ఏడాది అమెరికా కూడా చట్టం చేసింది.